జూలై సెలవుల్లో ఇర్కలా: బండ్లు, పర్మిట్లు, పులిహోర

ప్రయాణ సమన్వయం (డార్విన్):
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మీటింగ్‌లో, జూలైలో ఇర్కలా (ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో నూలన్‌బాయ్ టౌన్ పక్కనున్న ఆదివాసీ ఊరు) వస్తామని చేతులెత్తినవాళ్లని లెక్కపెడితే నలభై రెండు మంది తేలారు. ఆ సంఖ్య చూశాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముందు దారి సంగతి చెప్తాను, తర్వాత మళ్లీ చేతులెత్తండి.

డార్విన్ నుంచి కేథరిన్ 320 కి.మీ., మంచి తారు రోడ్డు. కేథరిన్ దాటి దక్షిణంగా ఇంకో 52 కి.మీ. వెళ్లాక ఎడమకి తిరిగితే సెంట్రల్ ఆర్నమ్ రోడ్డు. అక్కడి నుంచి నూలన్‌బాయ్ దాకా సుమారు 700 కి.మీ. మొదట కొంత దూరం తారు, ఆ తర్వాత ఎర్రమట్టి. కొన్నిచోట్ల పిండిలాంటి దుమ్ము కింద గుంటలు దాక్కుని ఉంటాయి. చూడ్డానికి చదునుగా కనిపిస్తుంది, చక్రం దిగాక తెలుస్తుంది లోతెంతో. వాగులు రోడ్డు మీదుగానే పారతాయి. వానాకాలంలో ఈ దారి మూసేస్తారు, అందుకే జూలై.

దారిలో చాలా భాగం ఆదివాసుల సొంత భూమి. 1976 నాటి భూమి హక్కుల చట్టం కింద అది వాళ్లది. వాళ్ల తరఫున భూమి వ్యవహారాలు చూసే నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ లేకుండా ఆ రోడ్డెక్కకూడదు. పర్మిట్ ఇచ్చేది కూడా రోడ్డు మీద పోవడానికే. పక్కన బాట కనిపించింది కదా అని లోపలికి తిరిగామంటే ఒకరి పెరట్లోకి అడక్కుండా వెళ్లినట్టే.

నా ప్రతిపాదన: నాలుగు బండ్లు, పదహారు మంది. అంతకు మించి వద్దు.

సాంస్కృతిక విభాగం:
పదహారేంటన్నా! పిల్లలు అప్పుడే కోలాటం ప్రాక్టీస్ మొదలుపెట్టారు. అక్కడ చిన్న స్టేజీ వేసి, మన పాటలు నాలుగు, వాళ్ల డాన్స్ ఒకటి పెడితే ఎంత బాగుంటుంది. బ్యానర్ నేను చేయిస్తా. బస్సు మాట్లాడితే నలభై మందీ ఒకేసారి వెళ్లిపోవచ్చు కదా.

ప్రయాణ సమన్వయం:
బస్సు ఆ రోడ్డు మీద నడవదు తల్లీ. బ్యానర్ గురించి నేను మాట్లాడను, నూలన్‌బాయ్‌లో ఉంటున్న మన చెల్లెలు చెప్తుంది. నాలుగేళ్లుగా అక్కడే నర్సుగా చేస్తోంది, మనందరికంటే తనకే తెలుసు.

నూలన్‌బాయ్ నుంచి:
నమస్తే అన్నయ్యా, అందరికీ. లేటుగా చూశాను, నైట్ డ్యూటీ.

ఇర్కలా మా టౌన్ నుంచి 18 కి.మీ. ఉంటుంది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అందరూ అందరికీ చుట్టాలే. ఎవరైనా పోతే ఊరు ఊరంతా ఆ కార్యంలో ఉంటుంది, రోజులు, ఒక్కోసారి వారాలు. అప్పుడు బయటివాళ్లు రావద్దంటారు. పోయినవాళ్ల పేరు పలకరు, ఫొటో బయటపెట్టరు. మీరు వచ్చే వారం అలాంటిదేమైనా జరిగితే ప్లాన్ మారిపోతుంది. దానికి అందరూ ముందే ఒప్పుకుని బయల్దేరాలి. "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక స్టేజీ. వదినా, ఏమీ అనుకోవద్దు. మన ఊరి గుడి దగ్గరికి ఎవరో నలభై మంది చెప్పాపెట్టకుండా వచ్చి బ్యానర్ కట్టి డాన్స్ చేసి, మీరూ ఒకటి చేయండి అంటే ఎలా ఉంటుంది? వాళ్ల ఆటపాటలు ఏ వంశానివి ఆ వంశానివే. ఎవరు పాడొచ్చు, ఎక్కడ పాడొచ్చు అన్నదానికి లెక్కుంది. అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటారేమో కూడా. అందుకే అడక్కూడదు అంటాను.

చూడాలనుంటే ఏటా ఆగస్టులో గుల్కులా దగ్గర గార్మా అనే సాంస్కృతిక ఉత్సవం జరుగుతుంది. యోతు యిండి ఫౌండేషన్ వాళ్లు పిలిచి మరీ చూపిస్తారు. దానికి టికెట్ కొనుక్కుని విడిగా రండి.

సాంస్కృతిక విభాగం:
సరేనమ్మా, అర్థమైంది. కోలాటం దీపావళికి దాచుకుంటాం. పిల్లలకి ఏం చెప్పమంటావు మరి? ఊరికే వెళ్లి చూసి రావడమేనా?

నూలన్‌బాయ్ నుంచి:
చెప్పాలంటే బోలెడుంది. ఇక్కడివాళ్లని యోల్ఙు అంటారు. గమనించారా, ఆ ఙ! చిన్నప్పుడు క ఖ గ ఘ తర్వాత పాడేసి మళ్లీ జన్మలో వాడని అక్షరం. ఇక్కడ రోజూ పనికొస్తుంది. ట, డ, ణ, ళ లాంటి శబ్దాలు కూడా వాళ్ల భాషలో ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో అవి రాయడానికి కింద గీతలు పెట్టాల్సి వస్తుంది. నా డ్యూటీ నోట్‌బుక్‌లో పేషెంట్లతో మాట్లాడే మాటలన్నీ తెలుగు లిపిలోనే రాసుకున్నాను, పలకడం చక్కగా కుదిరింది.

ఇంకోటి. వార్డులో మొదటి వారం ఒక పెద్దావిడ తన చుట్టరికాలు చెప్తుంటే మా మేనేజరు జుట్టు పీక్కుంటోంది. నాకు మాత్రం ఒక్కసారికే ఎక్కేసింది. నాన్న అన్నదమ్ములు కూడా నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్లు కూడా అమ్మలే. మేనమామకి మాత్రం వేరే పేరు: ఙపిపి. లోకమంతా దువా, యిరిచ అని రెండు పక్షాలు. పిల్లలది తండ్రి పక్షం, పెళ్లి అవతలి పక్షంతోనే. పాత పద్ధతిలో మగవాడికి వరసైన పిల్ల మేనమామ కూతురి వరసది. మనకి ఇది వింతా?

డబ్బుని ఏమంటారో తెలుసా? రుపియ. ఇప్పటి ఇండోనేసియాలోని మకాసర్ నుంచి ఓడల్లో సముద్రపు దోసకాయల కోసం వచ్చేవాళ్లు వదిలిపోయిన మాట అది, మన రూపాయికి చుట్టమే. నోట్లో వేసుకునే దోసకాయ అనుకునేరు, ఇది సముద్రం అడుగున ఉండే జీవి, ఎండబెట్టి చైనాకి అమ్మేవాళ్లు. తెల్లవాళ్లు ఇక్కడ స్థిరపడక ముందు నుంచీ ఆ రాకపోకలు ఉండేవి. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం లైసెన్సులు ఆపేయడంతో 1907 కల్లా అయిపోయాయి. వాళ్లు వదిలిపోయినవి ఇంకా ఉన్నాయి. చింతచెట్లు. ఒడ్డు వెంట అక్కడక్కడా నిలబడి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను చెట్టు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

వంటల విభాగం:
చింతచెట్లా! అయితే చింతపండు మోసుకు రావక్కర్లేదా?

నూలన్‌బాయ్ నుంచి:
తేవాలి వదినా. ఆ చెట్లు ఉన్న నేల వాళ్లది, కాయలు అడక్కుండా కోయకూడదు. పులిహోర మన సీసాలోని గుజ్జుతోనే.

బండ్ల విభాగం:
నా వంతు. రెండేళ్ల కిందట ఒక అద్దె కంపెనీ బండి తీసుకుని మట్టిరోడ్డెక్కాను. టైరు పేలి, రాయి తగిలి కింద ట్యాంకు చిట్లింది. ఇన్సూరెన్స్ అడిగితే చిన్న అక్షరాల్లో మట్టిరోడ్డుకి వర్తించదని రాసి ఉందన్నారు. రెండు నెలల జీతం పోయింది. కాబట్టి అద్దె బండి తెచ్చేవాళ్లు ఆ కాగితం నాకు ముందు పంపండి, నేనే చదువుతా.

బండికి రెండు స్టెప్నీలు, ఒక్కటి చాలదు. గాలి కొట్టే చిన్న కంప్రెసర్. మట్టి మొదలవగానే టైర్లలో గాలి తగ్గిస్తాం, తారు వచ్చాక మళ్లీ నింపుతాం. దారిలో బుల్‌మన్ అనే ఊళ్లో ఇంధనం దొరుకుతుంది. అది దాటితే నూలన్‌బాయ్ దాకా నాలుగొందల కి.మీ. పైచిలుకు ఏమీ లేదు. మెత్తటి మట్టిలో బండి తాగేది మామూలు కంటే ఎక్కువ, లెక్క దానికి తగ్గట్టు వేసుకోండి. ఫోన్ సిగ్నల్ ఊళ్ల దగ్గర తప్ప ఉండదు. శాటిలైట్ ఫోన్ ఒకటి అద్దెకి తీసుకుంటున్నా, ఆపదలో నొక్కే బీకన్ ఇంకోటి నా దగ్గరే ఉంది.

చీకటి పడ్డాక డ్రైవింగ్ లేదు. గేదెలు రోడ్డు మీదకి వస్తాయి. మన ఊరి గేదెలు కావు, హారన్ కొడితే తప్పుకోవు. పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చి వదిలేస్తే అడవి పాలైనవి, కొమ్ములు చూస్తే చాలు. అందుకే మొదటిరోజు మైనోరు స్టోర్ దగ్గర ఆగి పడుకోవడం, రెండోరోజు వెలుగుండగానే నూలన్‌బాయ్.

వంటల విభాగం:
రెండు పగళ్లు, ఒక రాత్రి దారిలో. పులిహోర, చపాతీలు, ఆవకాయ, రెండో రోజుకి మరమరాలు, కారప్పూస. పెరుగన్నం మొదటి మధ్యాహ్నమే అయిపోవాలి, ఎస్కీలో (ఐస్ పెట్టెలో) ఐస్ రెండో రోజుకి నిలవదు. నీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు, బండి ఆగిపోతే అని ఇంకో రెండు రోజులకి అదనంగా. చెత్తంతా వెనక్కి మన బండ్లలోనే.

పెద్దల తరఫున:
బాబూ, మా ఇద్దరికీ నడుము నొప్పులు. మేం డార్విన్ నుంచి గోవ్‌కి (నూలన్‌బాయ్ విమానాశ్రయానికి) విమానంలో వస్తే మీకేమైనా అభ్యంతరమా?  ఇంకో సంగతి, మా వాడు గాలం తెస్తానంటున్నాడు.

ప్రయాణ సమన్వయం:
విమానమే మంచిది బాబాయ్ గారూ, ఎదురొచ్చి తీసుకెళ్తాం.

గాలం సంగతి కొంచెం ఆగమనండి. 2008లో బ్లూ మడ్ బే కేసులో హైకోర్టు తీర్పిచ్చింది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లెక్క. ఆదివాసీ భూమి ఒడ్డున పోటు నీళ్లు కప్పే చోట చేపలు పట్టాలన్నా వాళ్ల అనుమతి కావాలని తేల్చింది. నూలన్‌బాయ్ చుట్టూ ఉన్న బీచ్‌లకి దిమురు అనే యోల్ఙు సంస్థ పర్మిట్లు ఇస్తుంది, అదీ తీసుకుంటున్నాం. మకాసర్ ఓడల బొమ్మలు రాళ్లతో పేర్చిన ఉర్‌ఉర్‌ఉయ్ చూడ్డానికి కూడా ఆ పర్మిటే. నీళ్లలో దిగడం మాత్రం ఎక్కడా లేదు, మొసళ్లు. ఎంత నీలంగా కనిపించినా సరే.

పిల్లలకి నేను చెప్పబోయే కథ ఒక్కటే. 1963లో బాక్సైట్ గని కోసం ఇర్కలా పక్క భూమిని ప్రభుత్వం అడక్కుండా ఇచ్చేస్తే, ఆ ఊరి పెద్దలు చెట్టు బెరడు మీద తమ బొమ్మలు గీసి, మధ్యలో యోల్ఙు భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ అర్జీ టైపు చేయించి అంటించి పార్లమెంటుకి పంపారు. గని ఆగలేదు. కోర్టుకెళ్తే 1971లో ఓడిపోయారు. ఆ ఓటమి రేపిన చర్చే 1976 చట్టం దాకా వెళ్లింది. మనం పర్మిట్ ఫారం నింపుతూ విసుక్కున్నప్పుడల్లా అది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకి తెలియాలి. ఇర్కలాలో బుకు లార్ఙ్గయ్ ముల్క ఆర్ట్ సెంటర్ ఉంది. ఇప్పటికీ బెరడు మీద గీస్తారు. కొనాలనుకున్నవాళ్లు అక్కడే కొనండి, డబ్బు గీసినవాళ్లకి చేరుతుంది. ఫొటో తీసే ముందు అడగాలి, పిల్లల ఫొటోలు అసలు వద్దు.

మందు ఒక్క సీసా కూడా ఎవరి బండిలోనూ ఉండకూడదు. సరదాకి చెప్పట్లేదు, నియమం.

బండ్ల విభాగం:
తుది లెక్క: నాలుగు బండ్లు, పద్నాలుగు మంది, విమానంలో ఇద్దరు. మిగిలినవాళ్లు వచ్చే ఏడాది. లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్ నంబర్లు శుక్రవారం రాత్రి లోపు నాకు పంపండి. పర్మిట్ దరఖాస్తులో ప్రతి ఒక్కరి పేరూ రాయాలి, తర్వాత మనుషుల్ని మార్చడం కుదరదు.

నూలన్‌బాయ్ నుంచి:
వదినా, ఆవకాయ ఇంకో సీసా ఎక్కువ తెండి. నాకు కాదు. నన్ను 'యప' అని పిలిచే ఒకావిడ ఉంది, అంటే అక్కాచెల్లెలు. పోయినసారి రుచి చూపిస్తే సీసా తిరిగివ్వలేదు.