సైకిల్ ఇంజిన్ పట్టేసింది: మళ్ళీ పెట్రోల్ కిట్టేనా, హబ్ మోటారా?

చెరువుగట్టు (రాజోలు దగ్గర)
అందరికీ నమస్కారమండీ. నాది పాత 28 అంగుళాల రోడ్‌స్టర్ సైకిల్, రాడ్డు బ్రేకులది. ఆన్‌లైన్‌లో "80 సీసీ" అని అమ్మే టూ స్ట్రోక్ కిట్టు దానికి బిగించి తిరుగుతున్నాను. మొన్నటి వానల్లో గట్టు మీద వస్తుంటే ఇంజిన్ పట్టేసింది, కిక్కురుమనలేదు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. పని ఏంటంటే వనామీ రొయ్యల చెరువుల కాపలా, రాత్రి ఒకసారి, తెల్లారగట్ల ఒకసారి వెళ్ళాలి, రానూపోనూ 14 కిలోమీటర్లు, అందులో సగం కాలవగట్టు మట్టిరోడ్డే. అప్పుడప్పుడు వెనకాల 25 కేజీల మేత బస్తా కూడా ఉంటుంది. ఇప్పుడు మళ్ళీ అదే ఇంజిన్ తెప్పించాలా, గడ్డి కోసే మెషిన్‌కి వచ్చే చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పెట్టి డ్రైవ్ మొత్తం మార్చాలా, లేక చక్రం మధ్యలోనే ఉండే 250 వాట్ల హబ్ మోటారుకి పోవాలా? "బండి కొనుక్కో" అనేవాళ్ళకి ముందే దణ్ణం.

ఎక్సెల్ బండి
దణ్ణం తీసుకున్నానండీ, అయినా బండే కొనుక్కోండి. సెకండ్ హ్యాండ్ టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ మీద కొబ్బరికాయలు, చేపల బుట్టలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ పోతున్నాయి కోనసీమ అంతా. కాగితాలు ఉంటాయి, మెకానిక్ ఊరికొకడు ఉంటాడు, స్పేర్లు రాజోలు సెంటర్‌లోనే దొరుకుతాయి. సైకిల్‌కి ఇంజిన్ పెట్టడం సరదాకి బాగుంటుంది గానీ అర్ధరాత్రి చెరువు దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిందని ఫోన్ వస్తే సరదా పనికిరాదు.

టూస్ట్రోక్ మావయ్య
ఆయన అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఒకటి. చెరువుగట్టు గారూ, ముందు ప్లగ్ విప్పి రంగు చూసి చెప్పండి. పట్టేసిందంటే పారేయాలని కాదు. ఈ ఇంజిన్ బోరు (సిలిండరు వెడల్పు) 47 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 38, లెక్క కట్టుకుంటే 66 సీసీ కూడా నిండదు, 80 అన్నది అమ్ముకోవడానికి వేసిన అంకె. కానీ తయారీ చాలా సింపుల్. సిలిండరు, పిస్టను, రింగులు, మూడూ ఒక సాయంత్రంలో మార్చేయొచ్చు. క్రాంక్ బేరింగ్ బాగుంటే కొత్త ఇంజిన్ ఎందుకు, దండగ.

చెరువుగట్టు
ప్లగ్ చూశానండీ. తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంది. నూనె మాత్రం లీటరుకి 40 మి.లీ. కొలిచే పోస్తాను, అందులో లోటు లేదు.

టూస్ట్రోక్ మావయ్య
దొరికింది. నూనె కాదు, గాలి. ప్లగ్‌కి కరెంటు ఇచ్చే మాగ్నెటో వెనకున్న క్రాంక్ సీలు పోయి బయటి గాలి లోపలికి లాగుతోంది, పెట్రోలు తక్కువై వేడెక్కి పట్టేసింది. సీలు మార్చకుండా పిస్టన్ ఒక్కటే వేశారంటే మళ్ళీ ఇదే కథ. ఇంకో మాట, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమని లాక్కుంటుంది. మన దగ్గర గాల్లోనే నీళ్ళుంటాయి, నూనె కలిపి సీసాలో వారాల తరబడి ఉంచితే అడుగున నీరు వేరుపడుతుంది. ఏ రోజుకారోజు కలుపుకోండి, పెట్రోలు ట్యూబు కూడా మంచి రకం వేయండి. ఇవి రెండూ చూసుకుంటే ఈ ఇంజిన్‌ని కొట్టేది లేదు.

పాలకొల్లు వైండింగ్
మావయ్యగారూ, రోజూ నూనె కలపడం, సీలు చూడటం, ప్లగ్ తుడవడం, ఇదంతా చేసే ఓపిక ఉన్నవాడు ఈ చర్చ పెట్టడు. నేను మోటార్లు చుట్టే షాపు నడుపుతాను, నా ఓటు హబ్ మోటారుకే. గేర్లున్న హబ్ తీసుకోండి, లోపల ఫ్రీవీల్ ఉంటుంది, చార్జింగ్ అయిపోయినా మామూలు సైకిల్‌లా తొక్కుకుంటూ రావచ్చు. గేర్లు లేని పెద్ద హబ్ అయితే బరువు రెట్టింపు దాకా ఉంటుంది, కరెంటు లేనప్పుడు తొక్కుతుంటే అయస్కాంతాలు వెనక్కి లాగుతుంటాయి. బ్యాటరీ లెక్క చాలా తేలిక. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ అంటే 360 వాట్ అవర్లు. బస్తాతో, మట్టిరోడ్డు మీద, ఎదురుగాలిలో కిలోమీటరుకి 15 అనుకున్నా 24 కిలోమీటర్లు వస్తుంది. మీకు కావలసింది 14. పైగా చెరువు దగ్గర మోటార్ షెడ్డులో కరెంటు ఎలాగూ ఉంటుంది, కాపలా ఉన్నంతసేపూ చార్జింగ్ పెట్టుకోండి. దారంతా పళ్ళెంలా ఉన్న డెల్టాలో 250 వాట్లు చాలదంటే నేను ఒప్పుకోను. చించినాడ వంతెన లాంటిది ఎక్కేటప్పుడు మాత్రం కాస్త తొక్కాలి, అంతే.

లంక సైకిల్
షాపులో కూర్చుని చెప్పడం వేరు. మాది లంక. గోదావరికి వరద వస్తే కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్ళలో సైకిల్ నడిపించుకుంటూ దాటతాం. అప్పుడు హబ్ మునుగుతుంది. వైరు ఇరుసులోంచే లోపలికి పోతుంది కాబట్టి నీరూ అక్కడినుంచే పోతుంది. మా పక్కింటివాళ్ళ హబ్ విప్పితే లోపల మోటారు తిరుగుడు కనిపెట్టే హాల్ సెన్సర్ల కాళ్ళన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఇక మీరున్నది సముద్రం వైపు, చెరువుల్లో ఉప్పు, గాల్లో ఉప్పు. పెట్రోల్ ఇంజిన్ అయితే మాగ్నెటో మూత తీసి ఎండలో పెడితే మళ్ళీ లేస్తుంది. హబ్ మోటారుకి కరెంటు సర్దే కంట్రోలర్ తడిస్తే ఎండలో పెట్టినా లేవదు.

పాలకొల్లు వైండింగ్
మీరు చెప్పిన నీటి బాధ ఉన్నదే, కాదనను. కానీ ఆయన వెళ్ళేది కాలవగట్టు మీద, కాజ్‌వే మీద కాదు. వైరు ఇరుసులోకి దిగేచోట సిలికాన్ వేసి, వైరుని కిందికి ఒక వంపు తిప్పి కడితే చుక్క అక్కడే కారిపోతుంది. కనెక్టర్లకి గ్రీజు పూయాలి. కంట్రోలర్ సీటు కింద, బ్యాటరీ ఇంట్లోకి. ఇంతకంటే ఎక్కువ సేవ ఇంజిన్‌కి రోజూ చేస్తున్నారు కదా.

రూల్స్ చెబుతా
ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు చక్రాలకంటే తక్కువ ఉండి, ఇంజిన్ 25 సీసీ మించకపోతే అది మోటారు వాహనం కిందకి రాదు. మావయ్యగారి 66 సీసీ అయితే ఖచ్చితంగా వస్తుంది. అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ కావాలి, ఇంట్లో బిగించిన సైకిల్‌కి అవి వచ్చే దారి లేదు. ఎవరికైనా తగిలితే నష్టపరిహారం జేబులోంచే. అలాగని హబ్ మోటారు పెడితే అన్నీ మాఫీ అనుకోకండి. తొక్కుతూ వెళ్ళే ఎలక్ట్రిక్ సైకిల్‌కి మినహాయింపు ఉంది గానీ మోటారు 0.25 కిలోవాట్ లోపు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగం దగ్గర కరెంటు ఆగిపోవాలి, తొక్కడం ఆపితే మోటారూ ఆగాలి, బ్యాటరీ కాకుండా బరువు 60 కేజీలు దాటకూడదు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉండాలి. ఇవన్నీ టెస్టింగ్ ఏజెన్సీ చూసి సరేనన్న మోడల్‌కి. ఇంట్లో బిగించిన కిట్టుకి ఆ కాగితం ఉండదు. ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది అన్నంతవరకే నేను చెప్పగలను.

టూస్ట్రోక్ మావయ్య
కాలవగట్టు మీద అర్ధరాత్రి ఎవరు ఆపుతారు సార్, కుక్కలు తప్ప.

రూల్స్ చెబుతా
ఆపడం గురించి కాదండీ, తగలడం గురించి. మీ గట్టు మీద లైట్లు లేవు, అదే గట్టు మీద పిల్లలు ట్యూషన్ నుంచి నడిచి వస్తారు.

చెరువుగట్టు
25 సీసీ అంటే గడ్డి మెషిన్ ఇంజిన్ సరిపోతుంది కదండీ? హోండా జీఎక్స్ 25 అని చూశాను, సరిగ్గా 25 సీసీ అట. ఫోర్ స్ట్రోక్, నూనె కలిపే పని లేదు.

టూస్ట్రోక్ మావయ్య
ఇంజిన్ మంచిదే, నేనేమీ అనను. కానీ దాని బలమంతా 7000 చుట్ల దగ్గర, అక్కడే 0.72 కిలోవాట్, ఒక హార్స్ పవర్ అనుకోండి. మీ చక్రం గంటకి 25 కిలోమీటర్లు పోవాలంటే నిమిషానికి 190 చుట్లు తిరిగితే చాలు. అంటే మధ్యలో 37 వంతులు తగ్గించాలి. మన కిట్టులో లోపలి గేర్లు 4.1 వంతులు, బయట 10 పళ్ళ చిన్న చక్రం, 44 పళ్ళ పెద్ద చక్రం, అంతా కలిపి 18. దానికి రెట్టింపు కావాలి మీకు. గేర్ బాక్స్ దొరకాలి, లేదా మధ్యలో ఇంకో ఇరుసు వేసి రెండు చైన్లు నడపాలి. టైరు మీద రోలర్ ఆనించి నడిపేవి ఉన్నాయి, తేలిక, కానీ మన బంకమట్టి బురదలో రోలర్ తిరుగుతుంది, సైకిల్ అక్కడే ఉంటుంది.

అమలాపురం వీల్ బెండ్
ఇప్పటిదాకా అందరిదీ చదివాను. ఇంజిన్ గురించి ఇంత మాట్లాడారు, వెనక చక్రానికి ఎన్ని పుల్లలున్నాయో ఒక్కరూ అడగలేదు. చెరువుగట్టు గారూ, లెక్కపెట్టి చెప్పండి.

చెరువుగట్టు
వెనక 40, ముందు 32.

అమలాపురం వీల్ బెండ్
అనుకున్నాను. పాత రోడ్‌స్టర్లన్నీ అంతే. ఇప్పుడు వినండి. ఆ కిట్టులో పెద్ద పళ్ళచక్రం హబ్‌కి బిగదు, పుల్లలకే బిగుస్తుంది. పుల్లలకి అటొక రబ్బరు రింగు, ఇటొక రబ్బరు రింగు, లోపలివైపు మూడు వంపు ప్లేట్లు, మొత్తం తొమ్మిది బోల్టులు. తొమ్మిది ఎందుకంటే అది 36 పుల్లల చక్రానికి చేసింది, నాలుగు పుల్లలకి ఒక బోల్టు. 40 పుల్లల్లో ఆ తొమ్మిది సమంగా కూర్చోవు. ఒక బోల్టు పుల్లల మధ్య ఖాళీలో పడుతుంది, పక్కది పుల్లని నొక్కుతుంది. ఎంత బిగించినా పళ్ళచక్రం ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, చైన్ ఒకసారి వదులు, ఒకసారి బిగువు. చైన్ బిగువుగా ఉంచడానికి వెనక ఫోర్కుకి కట్టిన టెన్షనర్ ఉంటుంది చూశారా, ఏదో ఒక రోజు చైన్ దాన్ని లాగి పుల్లల్లోకి తోసేస్తుంది. చక్రం బిగుసుకుపోతుంది, మనిషి కాలవలో పడతాడు. నా దగ్గరికి వచ్చిన ఇంజిన్ సైకిళ్ళలో ఇంజిన్ చెడి వచ్చినవి తక్కువ, పుల్లలు తెగి వచ్చినవే ఎక్కువ.

రెండోది బ్రేకు. రాడ్డు బ్రేకు రబ్బరు రిమ్ముని కిందనుంచి పట్టుకుంటుంది. వానలో తడిసిన క్రోమ్ రిమ్ము మీద అది రాస్తుందే తప్ప ఆపదు. 66 సీసీకి 4500 చుట్ల దగ్గర 33 కిలోమీటర్లు వస్తుంది, వెనక బస్తా. ఎలా ఆపుతారు? హబ్ మోటారుకి వెళ్ళినా గొడవ ఇదే. చక్రం అల్లి వచ్చే కిట్ల రిమ్ములు 26 లేదా 700సీ సైజువి, రాడ్డు బ్రేకుకి ఆ రిమ్ము పనికిరాదు. వెనక హబ్ 135 మి.మీ. వెడల్పు, మీ ఫోర్కు అంతకంటే ఇరుకు, లాగి వెడల్పు చేయాలి.

కాబట్టి ఏ కిట్టు అన్నది తర్వాత. ముందు 36 పుల్లలు, 26 అంగుళాలు, వి బ్రేకులు గానీ డిస్క్ బ్రేకులు గానీ ఉన్న ఇనుప ఫ్రేము సైకిల్ ఒకటి పాతది చూడండి. పాత ఇనుము షాపుల దగ్గర కూడా దొరుకుతాయి.

లంక సైకిల్
ఆ సన్న ఫ్రేము సైకిళ్ళకి 25 కేజీల బస్తా వేస్తే క్యారియర్ ఊడి చేతికొస్తుంది. రోడ్‌స్టర్ మోసే బరువు ఏదీ మోయదు. దానికే ముందు డ్రమ్ బ్రేకు పెట్టిస్తే పోలా?

అమలాపురం వీల్ బెండ్
పెట్టించవచ్చు, కాదనడం లేదు. 36 పుల్లల రిమ్ము, డ్రమ్ హబ్ వెతికి మళ్ళీ అల్లించాలి, అల్లే మనిషి ఉండాలి. క్యారియర్‌ది నిజమే, కంపెనీ క్యారియర్ వద్దు, ఇరుసు దగ్గర కాళ్ళు దిగేలా వెల్డింగ్ చేయించుకోవాలి. హబ్ మోటారు పెడితే ఇరుసు తిరక్కుండా పట్టే టార్క్ ఆర్మ్ మర్చిపోకండి. ఇరుసు ఫోర్కులో తిరిగిపోతే వైరు తెగుతుంది, చక్రం ఊడొస్తుంది.

పాలకొల్లు వైండింగ్
వీల్ బెండ్ గారితో నాకు పేచీ లేదు. సైకిల్ మార్చాక మాత్రం హబ్ మోటారే. చైన్ లేదు, టెన్షనర్ లేదు, ఆయన చెప్పిన ప్రమాదం సగం పోయింది.

ఎక్సెల్ బండి
కొత్త సైకిల్, కొత్త చక్రం, వెల్డింగ్, కిట్టు, బ్యాటరీ. కలిపి చూసుకోండి ఎంతవుతుందో. నేను మాట్లాడను.

చెరువుగట్టు
మీ ఎక్సెల్‌కి లైసెన్స్ కావాలండీ, మా తమ్ముడికి లేదు, రాత్రి డ్యూటీ సగం వాడిదే. పాత 26 సైకిల్ ఒకటి మా బాబాయి ఇంట్లో పడుంది, పుల్లలు 36, ఇప్పుడే ఫోన్ చేసి లెక్కపెట్టించాను. హబ్ మోటారు వైపే మొగ్గుతున్నాను, తొక్కడం ఆపితే ఆగేది, 25 దాటనిది. ఈ శనివారం ఫ్రేము, రిమ్ము అమలాపురం తెస్తాను, వీల్ బెండ్ గారు షాపు ఎన్నింటిదాకా తీస్తారో చెబితే చాలు.

అమలాపురం వీల్ బెండ్
రాత్రి ఎనిమిది దాకా. గడియారస్తంభం దగ్గరికి వచ్చి ఇక్కడే మెసేజ్ పెట్టండి. టైరు విప్పకుండా తీసుకురండి, రిమ్ము వంకర నేను చూస్తాను.

టూస్ట్రోక్ మావయ్య
సరే, ఓటమి కాదు గానీ, ఆ పాత ఇంజిన్ ఎవరికీ అమ్మకండి. క్రాంక్ బాగుంటే నేను తీసుకుంటా. కార్బరేటర్ కూడా ఉంచండి, గాస్కెట్టు మాత్రం చింపొద్దు.