అమెరికాలో గెలిపించేది డబ్బేనా?

కృష్ణాతీరం: 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. కంపెనీలు, యూనియన్లు అభ్యర్థి చేతికి ఇవ్వకుండా విడిగా ప్రచారానికి ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చట. ఆ ఏడే, ఇలా పరిమితి లేకుండా డబ్బు పోగేసి విడిగా ప్రచారం చేసే సంఘాలు, సూపర్ ప్యాక్‌లు పుట్టాయి. ఇక డబ్బున్నవాడిదే రాజ్యం. కాదనేవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు పిల్ల: నేను కాదంటాను. 2020లో న్యూయార్క్ మాజీ మేయర్, కోటీశ్వరుడు బ్లూమ్‌బర్గ్ సొంత డబ్బు దాదాపు 100 కోట్ల డాలర్లు గుమ్మరించినా, డెమోక్రటిక్ ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు జడ్జి ఎన్నికలో (అవునండీ, అక్కడ జడ్జీలకీ ఓట్లేస్తారు) మస్క్, ఆయన సంస్థలు 2 కోట్ల డాలర్లకు పైగా పెట్టినా వాళ్ల మనిషి ఓడిపోయాడు.

చానల్ పిచ్చోడు: 2016 కూడా కలుపుకోండి. ట్రంప్ కన్నా హిల్లరీ ఎక్కువ ఖర్చు పెట్టారు. ఆయన సభల్ని కేబుల్ చానళ్లు గంటలకు గంటలు లైవ్ ఇచ్చాయి. రేటింగ్ వస్తుంటే ఆపుతారా!

రిటైర్డ్ మాస్టారు: మీరు చెప్పినవన్నీ జనం కళ్లు పెట్టుకు చూసిన పోటీలు. డబ్బు పని చేసేది ఎవరూ చూడని చోట. 2003 మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) చట్టం వృద్ధులకు మందుల కవరేజి ఇస్తూనే, ప్రభుత్వం కంపెనీలతో ధరలు బేరమాడకూడదని రాసింది. కూరగాయల బండి దగ్గర మనకున్న హక్కు కోట్లమంది తరఫున కొనే ప్రభుత్వానికి లేకుండా పోయిందన్నమాట! ఆ బిల్లును ముందుండి నడిపిన హౌస్ (పార్లమెంటు దిగువ సభ) కమిటీ చైర్మన్ బిల్లీ టాజిన్, 2005లో మందుల కంపెనీల సంఘం ‘ఫార్మా’కే అధ్యక్షుడయ్యాడు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, అదే నా బాధ. తర్వాత రెండు పార్టీలూ గెలిచాయి, ఓడాయి. ఆ వాక్యం మాత్రం 2022 దాకా కదల్లేదు.

కృష్ణాతీరం: నేనన్నదీ అదేగా మాస్టారూ.

రిటైర్డ్ మాస్టారు: కాదండీ. మీరు గెలుపు గురించి అన్నారు. నేను గెలిచాక జరిగేదాని గురించి అంటున్నాను.

ఓరుగల్లు పిల్ల: అయితే 2022లో ఎలా కదిలింది? ఫార్మా గట్టిగానే అడ్డుపడింది కదా. 2021 జనవరిలో జార్జియా ఓటర్లు రెండు సెనేట్ సీట్లూ డెమోక్రాట్లకిచ్చారు. సెనేట్ 50-50 అయింది, 2022లో ధరల బేరానికి వీలిచ్చే బిల్లు అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో 51-50తో గట్టెక్కింది. మేం అట్లాంటా పక్కనే ఉంటాం. ఆ ఎన్నికకు ముందు డిసెంబరంతా టీవీ పెడితే ప్రకటనలే, రెండు వైపులవీ. చివరికి తేల్చింది ఓటే.

రిటైర్డ్ మాస్టారు: ఒప్పుకుంటానమ్మా. మరి అంత కష్టపడి నెగ్గించుకున్న చట్టంలో మొదటి విడత బేరానికి 10 మందులే ఎందుకొచ్చాయి, వాటి కొత్త ధరలు కూడా 2026 దాకా ఎందుకు ఆగాయి?