అప్‌డేట్: మావాడికి కనబడని కంచె పెట్టించాం

మా ఇల్లు అలిపిరి వైపు, ఒక పక్క ప్రహరీ లేదు, మా లాబ్రడార్ రోడ్డు మీదికి పరిగెడుతున్నాడు, ఎలక్ట్రానిక్ కంచె పనిచేస్తుందా అని ఇదివరకు అడిగాను కదా. పెట్టించాం. పనిచేస్తోంది, కానీ సగమే.

హద్దు వెంబడి నేలలో వైరు పాతారు. ఇంట్లోని ట్రాన్స్‌మిటర్ నుంచి దానికి సిగ్నల్ వెళ్తుంది. మావాడు దగ్గరికెళ్తే మెడపట్టీ ముందు బీప్ అంటుంది, ఇంకా వెళ్తే చిన్న షాక్. హద్దులో జెండాలు గుచ్చి, తాడు పట్టుకుని, బీప్ వినగానే వెనక్కి తిరగడం ఓపిగ్గా నేర్పాం. షాక్ చూసి అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడు బీప్‌కే ఆగిపోతున్నాడు. రాత్రి పట్టీ తీసేస్తాం. ఎప్పుడూ ఉంచితే మెడ మీద పుండ్లు పడతాయి.

అసలు టెన్షన్ వేరే. ఇది మనవాణ్ణి లోపల ఆపుతుంది గానీ వీధికుక్కల్ని బయట ఆపదు. పక్కనే శేషాచలం అడవి, చిరుత వస్తే వైరేం చేస్తుంది? కరెంటు పోతే అదీ లేదు, అందుకని ఇన్వర్టర్‌కి కలిపించాం. చీకటి పడకముందే వాణ్ణి ఇంట్లోకి తెచ్చేస్తున్నాం. ఆ పక్క ఇనుప మెష్ వేయించడానికి మేస్త్రీతో మాట్లాడాం. పండగ తర్వాత వస్తానన్నాడు, ఏ పండగో చెప్పలేదు.