బెదిరించిన విద్యార్థిని సస్పెండ్ చేశాం, తర్వాత ఏమిటి?

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు):

మా పాఠశాల క్రమశిక్షణ కమిటీలో నేను సభ్యురాలిని. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు తోటి విద్యార్థికి "రేపు గేటు బయట నీ సంగతి తేలుస్తాను, ప్రాణాలతో ఇంటికి వెళ్లవు" అని ఫోనులో సందేశం పంపాడు. బెదిరించినవారిని పది రోజులు సస్పెండ్ చేయాలని, మళ్లీ చేస్తే పాఠశాల నుంచి తొలగించాలని మా నియమావళిలో ఉన్నది ఒకే ఒక వాక్యం. దాని ప్రకారం సంతకాలు పెట్టడానికి మాకు పావుగంట కూడా పట్టలేదు. ఆ పది రోజులూ ఆ కుర్రవాడు ఎవరి కళ్లెదుట ఉంటాడో, పదకొండో రోజున ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఏమవుతుందో ఆ సమావేశంలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నియమావళిని తిరగరాసే పని నాకే అప్పగించారు. శిక్ష పెంచాలా, తగ్గించాలా అనే వాదనే నడుస్తోంది గానీ, అసలు ప్రశ్న అది కాదేమోనని నాకు అనిపిస్తోంది. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):

అమ్మా, మీ నియమావళి రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే వాక్యంలో కలిపేసింది. ఈ మాటల వెనక నిజంగా హాని చేసే ఉద్దేశం ఉందా అన్నది మొదటిది, చేసిన తప్పుకు ఏ చర్య తీసుకోవాలన్నది రెండోది. సస్పెన్షన్ రెండోదానికే జవాబు. మొదటిది అడగకుండానే మిగిలిపోతుంది.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ నిపుణుడు డ్యూయీ కార్నెల్ బృందం 2001లో రూపొందించిన బెదిరింపు అంచనా పద్ధతి ఈ రెండింటినీ విడదీస్తుంది. ముందుగా బెదిరించినవాడితోనూ, బెదిరింపునకు గురైనవాడితోనూ, విన్నవారితోనూ విడివిడిగా మాట్లాడి, అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటారు. కోపంలో నోరుజారిన మాటై, వివరణతోనో క్షమాపణతోనో సమసిపోతే దాన్ని తాత్కాలికమైనదిగా తేలుస్తారు. ఫలానా చోట, ఫలానా సమయానికి అని పథకం ఉన్నా, ఆయుధం కోసం వెతికినా, తోడుగా మరొకరిని పిలిచినా అది నిజమైన ముప్పు కావచ్చునని భావించి, ఎదుటి విద్యార్థిని, అతని తల్లిదండ్రులను హెచ్చరించి రక్షణ ఏర్పాట్లు చేస్తారు. మరీ తీవ్రమైతే మానసిక నిపుణుల పరీక్ష, పోలీసుల ప్రమేయం కూడా ఉంటాయి. మీరు చెప్పిన సందేశంలో చోటూ సమయమూ రెండూ ఉన్నాయి కాబట్టి నేనైతే దాన్ని తేలికగా తీసుకోను. అలాగని అడగకుండా తేల్చెయ్యను కూడా.

నా ఉద్యోగకాలంలో ఇలాంటి సందేశం పంపిన ఒక కుర్రవాణ్ని కూర్చోబెట్టి అడిగితే, ఎదుటివాడు నెలరోజులుగా అతని తల్లిని ఉద్దేశించి బూతులు రాస్తున్నాడని బయటపడింది. దానివల్ల బెదిరింపు ఒప్పయిపోలేదు, కానీ మేం ఆపవలసినవి ఒకటి కాదు రెండని తెలిసింది.

జవాబు 2 (ఒక తల్లి):

పెద్దవారు చెప్పినది కాదనను. అయితే ఈ చర్చ అంతా బెదిరించిన పిల్లవాడి చుట్టూనే తిరుగుతోంది. మా అబ్బాయికి ఇలాగే జరిగినప్పుడు, భద్రత కోసమంటూ వాణ్నే వేరే సెక్షన్‌కు మార్చారు. ఏ తప్పూ చేయనివాడు స్నేహితులకు దూరమయ్యాడు, విచారణలో ఏం తేలిందో మాకు ఎవరూ చెప్పలేదు. అవతలి కుటుంబపు గోప్యతను నేను అర్థం చేసుకోగలను. కానీ మా పిల్లవాడి రక్షణకు ఏం చేశారో చెప్పడానికి ఆ గోప్యత అడ్డు కాదు కదా. సర్దుకుపోవలసింది ఎవరన్నది కూడా నియమావళిలో రాయండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించడమంటారా, భయపడుతున్న పిల్లవాడు పెద్దల ముందు "సరే" అనక ఏం చేస్తాడు?

జవాబు 3 (పాఠశాల కౌన్సెలర్):

ఆ తల్లిగారి చివరి ప్రశ్న చాలా విలువైనది. ముఖాముఖి సంభాషణ ఇద్దరి ఇష్టంతో, విడివిడిగా సిద్ధం చేశాకే జరగాలి. లేదంటే అది రెండో బెదిరింపే అవుతుంది.

నేను చేర్చదలచినది వేరొకటి. అమెరికా సీక్రెట్ సర్వీస్ (ఆ దేశాధ్యక్షుడి భద్రత చూసే సంస్థ), విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 వరకు జరిగిన 37 పాఠశాల దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దాడి చేసినవారిలో ఎక్కువమంది ముందుగా బాధితులను నేరుగా బెదిరించలేదు. కానీ నాలుగింట మూడు వంతుల పైచిలుకు దాడుల్లో వారి ఆలోచన కనీసం ఒకరికైనా ముందే తెలుసు, ఆ తెలిసినవారు చాలావరకు తోటి పిల్లలే. ఫలానా లక్షణాలున్న పిల్లలే ఇలా చేస్తారని చెప్పగల నమూనా కూడా దొరకలేదు. అంటే, అరిచి బెదిరించినవాణ్ని కఠినంగా దండించడం చేతనైన పాఠశాలకు కూడా, మౌనంగా సిద్ధమవుతున్నవాడి సంగతి పిల్లలు వచ్చి చెబితేనే తెలుస్తుంది. నోరు విప్పితే స్నేహితుణ్ని బడినుంచి గెంటేస్తారని తెలిసిన పిల్లలు ఎందుకు చెబుతారు? మినహాయింపు లేని శిక్షలో ఉన్న పెద్ద లోపం నా దృష్టిలో ఇదే. ఇటువంటి విధానాల వల్ల పాఠశాలలు మరింత సురక్షితమయ్యాయనడానికి ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2008లో ప్రచురించిన సమీక్షలో పేర్కొంది.

జవాబు 4 (న్యాయవాది):

రాతకోతల గురించి కొంచెం. 1994 నాటి అమెరికా చట్టం తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించాలన్నది గానీ, సందర్భాన్ని బట్టి మార్చే అధికారాన్ని పాఠశాలల అధికారికి వదిలింది. అంత కఠినమైన చట్టమే ఆ వెసులుబాటు ఉంచినప్పుడు, ఒక సందేశానికి మీ నియమావళి దాన్ని లేకుండా చేయడం సబబు కాదు. ఆ దేశపు సుప్రీంకోర్టు 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో పది రోజులకు మించని సస్పెన్షన్‌కైనా ఆరోపణ ఏమిటో చెప్పి, విద్యార్థి మాట వినాలన్నది. ప్రమాదం పొంచి ఉంటే వెంటనే బయటకు పంపి, వీలైనంత త్వరగా వినవచ్చునని కూడా అదే తీర్పులో ఉంది. ఏ దేశంలోనైనా అనుసరించదగిన క్రమమే ఇది. ఒక్క జాగ్రత్త: వెసులుబాటు ఉన్నచోట పలుకుబడి కూడా చొరబడుతుంది, కాబట్టి నిర్ణయానికి కారణాలు ప్రతిసారీ రాతలో ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. విచారణను శిక్షకు ముందు ఉంచుతూ, సస్పెన్షన్ విధిస్తే ఆ రోజుల్లో విద్యార్థితో మాట్లాడే ఉపాధ్యాయుడి పేరు, తిరిగి వచ్చే రోజు ఏర్పాట్లు ఉత్తర్వులోనే ఉండాలని ముసాయిదా రాశాను. సందేశం అందుకున్న అబ్బాయిని ఈ రోజు తొలిసారి అడిగాం. సెక్షన్ మార్పు తనకు వద్దన్నాడు. సాయంత్రం గేటు దగ్గర కొన్నాళ్లు ఒక మాస్టారు నిలబడితే చాలన్నాడు. సోమవారం నుంచి ఆ బాధ్యత నేను తీసుకున్నాను.