కొత్త బ్లూ-రే కంటే పాత డీవీడీలే నయమేమో. మీ డిస్కుల సంగతి చెప్పండి

కృష్ణాతీరం

నిన్న పార్శిల్ వచ్చింది. 80లలో వచ్చిన ఒక కుటుంబ కథ, మా నాన్నకు ప్రాణం. ఇన్నేళ్లకు బ్లూ-రేలో దొరికిందని 1,400 రూపాయలు పెట్టి కొన్నాను. సినిమా పేరు రాస్తే కంపెనీ పేరు చెప్పినట్టే అవుతుంది కాబట్టి రాయడం లేదు.

పెట్టిన రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. కాపీలకు మూలంగా టీవీ కోసం ఎప్పుడో చేసిన మాస్టర్‌నే సాగదీసి ఇచ్చారు. కుడివైపు పైమూలలో చిన్న చతురస్రం మసగ్గా ఉంది. ఛానల్ లోగో ఉన్నచోట చెరిపేసిన గుర్తు అది. మొహాలన్నీ మైదాపిండి అద్దినట్టు నున్నగా ఉన్నాయి. తల్లి పాత్ర వేసినావిడ నుదుటి మీద ముడతలు మాయం. జడలో మల్లెపూలు ఒక్కటీ విడిగా కనపడదు, తెల్లటి ముద్దలా ఉంది.

అన్నిటికంటే బాధపెట్టింది వసారా సీను. ఇది స్కోప్ సినిమా, అంటే బాగా వెడల్పైన ఫ్రేముతో తీసింది. తల్లి ఎడమ చివర, కొడుకు కుడి చివర నిలబడతారు, మధ్యలో అంతా ఖాళీ. ఇద్దరూ మాట్లాడుకోలేకపోతున్నారని ఆ ఖాళీయే చెబుతుంది. ఈ డిస్కులో రెండువైపులా కోసేసి టీవీకి సరిపెట్టారు. తల్లి భుజం, కొడుకు మోచెయ్యి మిగిలాయి. స్క్రీన్ నిండా వసారా స్తంభమే. నాన్న ఆ సీను దగ్గర లేచి బయటికి వెళ్లిపోయారు.

మీకు ఎదురైనవి రాయండి. కొనేముందు ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

పాత_వీడియో_షాపు

చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది కృష్ణాతీరం గారూ. 1996 నుంచి 2011 దాకా గుంటూరులో షాపు నడిపినవాణ్ని. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు. ఇది ఒక్కరోజులో వచ్చిన జబ్బు కాదు.

సినిమా సీడీ, అంటే వీసీడీలో బొమ్మ సైజు 352×288 చుక్కలు. డిస్కుకు 74 నుంచి 80 నిమిషాలు పట్టేది, కాబట్టి మన సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు. డీవీడీ వచ్చాక 720×576కి పెరిగింది. ఆ మొదటి రోజుల్లో డిస్కుకు ఒక్క సినిమా వచ్చేది. 2007లో మోజర్ బేర్ కంపెనీ వచ్చి వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. జనానికి మేలే జరిగింది, కూలికి వెళ్లేవాళ్లు కూడా ఒరిజినల్ కొనుక్కోవడం నా కౌంటర్ దగ్గర చూశాను. ఆ తర్వాత ఎక్కడ చూసినా 3 ఇన్ 1 మొదలైంది. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

లెక్క చూడండి. రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ పడుతుంది. 2 గంటల 40 నిమిషాల సినిమా ఒక్కటే పెడితే ఒక్కో సెకను బొమ్మకు 7 మెగాబిట్ల చోటు దక్కుతుంది. అదే డిస్కులో మూడు సినిమాలు కుక్కితే 2.3 మాత్రమే. మాటల సీన్లు ఎలాగో నెట్టుకొస్తాయి. వాన పాట వచ్చిందంటే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఎందుకంటే ప్రతి చినుకూ ప్రతి ఫ్రేములో కదులుతుంది, ఆ కదలికంతా రాసుకోవడానికి చోటు చాలదు.

ఇంకోటి. శాటిలైట్ హక్కులకు, అంటే టీవీలో వేసుకునే హక్కులకు డబ్బు ఎక్కువ రావడం మొదలయ్యాక టీవీ మాస్టరే అందరికీ ఆధారమైంది. డిస్కు కోసం మళ్లీ నెగటివ్ తీసి స్కాన్ చేయించేంత ఖర్చు ఎవరు పెడతారు? మీ చేతికి వచ్చింది ఆ కోవదే.

సినీప్రియ_99

అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఓటీటీలో ఉన్నప్పుడు డిస్కులతో ఇంత టెన్షన్ ఎందుకు? పాతవి కూడా బాగానే పెడుతున్నారు కదా.

ఉక్కునగరం

తమ్ముడూ, నేనూ అలాగే అనుకుని 200 డిస్కులు పంచిపెట్టేశాను. లిస్టులో పెట్టుకున్న నాలుగు సినిమాలు ఆరు నెలల్లో కనపడకుండా పోయాయి. ఒకటి తిరిగొచ్చింది, కానీ రెండు పాటలు లేవు, "విశ్రాంతి" కార్డు కూడా లేదు. ఇంటర్వెల్ షాట్ తర్వాత ఆ కార్డు పడే లోపు వచ్చే సంగీతం నాకు సినిమాలో భాగమే.

విశాఖలో ఉండేవాళ్లకు ఒక మాట. డీవీడీ అంటే రెండు పలకలు, ఒక్కోటి 0.6 మిల్లీమీటర్లు, మధ్యలో జిగురు. లోపల అల్యూమినియం పొర. ఉప్పుగాలికీ తేమకీ ఆ పొర పాడవుతుంది. లైటుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొన చిల్లుల్లా వెలుతురు కనిపిస్తుంది. నా దగ్గర 11 డిస్కులు అలా పోయాయి, అన్నీ మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టినవే. గట్టి డబ్బాల్లో, నిలువుగా, గోడకు తగలకుండా పెట్టండి.

ఎడిసన్_తెలుగు

ఇక్కడ న్యూజెర్సీలో 2000ల మొదట్లో ఇండియన్ గ్రోసరీకి వెళ్తే పప్పుల బస్తాల పక్కన డీవీడీల ర్యాక్ ఉండేది. డిస్కుకు ఒకే సినిమా, సబ్‌టైటిల్స్, కొన్నిటికి 5.1, అంటే చుట్టూ ఆరు స్పీకర్లలో వచ్చే ధ్వని. మా పిల్లలు తెలుగు నేర్చుకున్నది వాటితోనే. తర్వాత అదే ర్యాక్‌లో కొన్నవి తిప్పి చూస్తే అడుగు భాగం ఊదా రంగులో కనిపించడం మొదలైంది. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డీవీడీ వెండిలా లేదా లేత బంగారు రంగులో ఉంటుంది, ఊదా రంగుంటే కంప్యూటర్లో బర్న్ చేసిన కాపీ. కవర్ మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. ఇప్పుడు ఆ ర్యాక్ ఉన్నచోట ఫ్రోజెన్ పరోటాలు పెట్టారు.

విచిత్రం ఏంటంటే బాహుబలి, ఆర్‌ఆర్‌ఆర్‌లను జపాన్‌లో ముచ్చటగా బ్లూ-రేలు వేశారు. బ్లూ-రే ఏ దేశాల ప్లేయర్లో ఆడాలో రీజియన్ల వారీగా తాళం వేస్తారు. జపాన్, అమెరికా రెండూ రీజియన్ ఎ కాబట్టి ఇక్కడి ప్లేయర్లో ఆడతాయి. మన దేశం రీజియన్ సి, చూసి కొనండి. మన సినిమాకు మన దగ్గరకంటే టోక్యోలో ఎక్కువ గౌరవం దక్కడం నాకు మింగుడు పడదు.

శ్రుతిపెట్టె

నేను వయొలిన్ వాయిస్తాను. బొమ్మ గురించి అందరూ రాశారు, నేను పాట గురించి రాస్తాను.

సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములతో. మన టీవీలకు, డీవీడీలకు వాడిన పాల్ పద్ధతిలో 25 ఫ్రేములు. తేడా పట్టించుకోకుండా ఎక్కిస్తే సినిమా 4 శాతం వేగంగా పరుగెడుతుంది. ఒకటో శ్రుతిలో పాడిన పాట దాదాపు ఒకటిన్నరకు, అంటే ఇంచుమించు అర స్వరం పైకి ఎక్కుతుంది. రికార్డు పెట్టుకుని సాధన చేసిన పాటను డిస్కుతో పాటు వాయించబోతే తీగ కలవలేదు. నా చెవే చెడిందేమోనని రెండు రోజులు బాధపడ్డాను. గాయని గొంతు కూడా కొంచెం పలచబడి చిన్నపిల్ల గొంతులా అవుతుంది.

ఇంకా ఘోరం, మోనోలో, అంటే ఒకే ట్రాకులో ఉన్నదానికి ప్రతిధ్వని కలిపి "5.1" అని వేయడం. వీణ గదిలో కాకుండా బావిలో మోగినట్టుంటుంది. మెనూలో అసలు మోనో ట్రాక్ ఇచ్చారో లేదో ముందు చూడండి.

పాత_వీడియో_షాపు

శ్రుతిపెట్టె గారు చెప్పినదానికి ఒక చిట్కా కలుపుతాను. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది కదా, అక్కడ ఆపండి. పొడవు మీటర్లలో రాసి ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. భాగిస్తే అసలు నిడివి వస్తుంది. పాల్ అయితే అందులో 4 శాతం తీసేయండి. డిస్కు అంతకంటే తక్కువ ఉంటే కోశారన్నమాటే.

కొనేటప్పుడు ఫ్రేము కూడా తెలుసుకుని కొనండి. తెలుగులో తొలి స్కోప్ సినిమా 1974 నాటి అల్లూరి సీతారామరాజు. అంతకు ముందువి పాత టీవీలా చదరపు ఫ్రేములో ఉండాలి. మొత్తం వెడల్పు టీవీ నిండితే పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ పోయినట్టే. 1957 మాయాబజార్‌కు 2010లో రంగులద్ది స్కోప్‌కు మార్చారు. పిల్లలకు చేరింది, ఆనందమే. కానీ నలుపు తెలుపులో పూర్తి ఫ్రేముతో డిస్కు మీ దగ్గరుంటే ప్రాణంలా దాచుకోండి.

సినీప్రియ_99

ఉక్కునగరం అన్నా, మీరు చెప్పాక నా లిస్టు చూసుకున్నాను. మూడు లేవు. 2022లో మహేశ్ పుట్టినరోజుకు పోకిరి 4కేలో వేసినప్పుడు థియేటర్లో చూశాను, ఎంత శుభ్రంగా ఉందో. అంత కష్టపడి చేసినదాన్ని ఇంటికి తెచ్చుకునే దారి కోసం వెతికాను, నాకైతే డిస్కు దొరకలేదు. ఇప్పుడు కొనడం మొదలుపెట్టాలంటే ఎక్కడ వెతకాలి?

ఉక్కునగరం

మూతపడ్డ షాపుల పాత స్టాకు, హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం సంత. డిస్కు తిప్పి చూడకుండా డబ్బులివ్వొద్దు. ఒక్క సినిమా ఉన్నదే తీసుకో, 3 ఇన్ 1 జోలికి పోకు.

కృష్ణాతీరం

సర్టిఫికెట్ దగ్గర ఆపి చూశాను. 4,310 మీటర్లు, అంటే 157 నిమిషాలు. ఇది టీవీ మాస్టర్ కాబట్టి పాల్ లెక్కన 4 శాతం తీసేస్తే 151 ఉండాలి. ఈ బ్లూ-రే 138. పదమూడు నిమిషాలు లేవు. నాన్నని అడిగితే సీనుల వారీగా చెప్పేశారు, పెళ్లిచూపుల తర్వాత పాట, తాతగారి ఉత్తరం.

ఊళ్లో బీరువాలో ఆయన 2003లో కొన్న డీవీడీ ఉందట, ఒక్క సినిమా డిస్కే. ఆదివారం వెళ్లి తీస్తాను. చిల్లులు పడ్డాయో లేదో లైటుకు పెట్టి చూసి ఇక్కడే రాస్తాను.