‘కఫన్’లో ఈ మాట అన్నది ఎవరు?

ప్రశ్న: పదో తరగతి పిల్లలతో హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ (శవం మీద కప్పే గుడ్డ) చదివించి, దాని ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ చూపించాలనుకుంటున్నాను. ఒక చోట ఆగిపోయాను. కోడలి శవం ఇంట్లో ఉంది. ఆ గుడ్డ కోసం పోగైన చందా డబ్బులు ఐదు రూపాయలతో తండ్రీకొడుకులు బజారుకు వచ్చారు. బతికుండగా ఒళ్లు కప్పుకోవడానికి చింకిపాత కూడా దొరకని మనిషికి చచ్చాక కొత్త గుడ్డ కావాలట, ఇదేం పాడు ఆచారం అనే మాట అక్కడ వస్తుంది. అన్నది తండ్రి ఘీసూనా, కొడుకు మాధవా?

జవాబు: కాస్త వెనక్కి వెళ్లి వంతులు లెక్కపెట్టండి మాస్టారూ. కట్టెల సంగతి ఘీసూ ఎత్తుతాడు, మాధవ్ బదులిస్తాడు. ఆ తర్వాత కాసేపు పేర్లు ఉండవు, ఉత్త మాటలే. వంతు ప్రకారం ఇది ఘీసూది. అయినా పేర్లు తీసేయడం ఊరికే జరిగిందనుకోను. గుడ్డ కొనకుండా తప్పించుకోవాలన్న ఆలోచన ఇద్దరిలోనూ ఒకేసారి పుడుతోంది, ఎవరు ముందు బయటపడ్డారో పాఠకుడికి తెలియనక్కరలేదు. సినిమాకు ఆ వీలు లేదు. మాట వినపడాలంటే ఎవరిదో ఒకరి గొంతు కావాలి. సినిమా చూపే ముందే ఇద్దరు పిల్లల చేత ఆ పేరా పైకి చదివించండి. మాటలు పంచుకోవడం దగ్గరే తగవు పడతారు, పడనివ్వండి.

మరో జవాబు: తెలుగు అనువాదంతో జాగ్రత్త. ఒక్క ‘రా’ పడితే చాలు, మాట తండ్రిదని తేలిపోతుంది.

ఇంకొకరు: నాకైతే ఆ కోడలు బుధియా ముఖ్యం. కథ మొదలయ్యేసరికే ఆమె పురిటి నొప్పుల్లో ఉంది. బతికున్నంతసేపూ మనకు వినపడేది మూలుగే. సినిమాలో ఆమె నీలమ్మ (మమతా శంకర్), పెళ్లయి ఆ ఇంటికి వచ్చి సంసారం చక్కదిద్దాలని చూసే మనిషి. సినిమా ముందు చూస్తే కథలోని మూలుగుకు పిల్లలు మమతా శంకర్ ముఖం అతికించేస్తారు. కథే ముందు చదివించండి.

ప్రశ్న అడిగినవారు: సరే, కథే ముందు. తాగుడు ఘట్టం పిల్లలకు చూపడమేమిటని మా బడిలో అప్పుడే అభ్యంతరం వచ్చింది. అది కథలోనూ ఉందండీ అంటే, పుస్తకంలో ఫరవాలేదట! పీరియడ్ నలభై ఐదు నిమిషాలే కనుక, నీలమ్మ కాపురానికి వచ్చే భాగం, చివరి భాగం మాత్రం వేస్తాను.