కొండకూ ఆఫీసుకూ ఒకే వాచీ: సోలార్ అవసరమా, మోజా?

మట్టిబూట్లు:
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా పెట్టుకుంటున్న బ్యాటరీ వాచీకి పోయిన నెల అద్దం లోపల ఆవిరి పట్టేసింది. దానికి రెండు నెలల ముందే ఒకచోట సెల్లు మార్పించాను. ఆ తర్వాత వాగు దాటడం అదే మొదటిసారి, మోచేతి దాకా తడిశాను. తెల్లారి టెంట్‌లో లేచి చూస్తే ఆరో అంకె పక్కన ఆవగింజంత నీటి బొట్టు.

అందుకే ఈసారి మూత విప్పే పనే లేని వాచీ కావాలనిపించింది, అంటే సోలార్. నాకు ఉండేది ఒక్క వాచీయే. వారంలో ఐదు రోజులు ఆఫీసు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ట్యూబ్‌లైట్లు. నెలకు ఒకటి రెండు సార్లు ట్రెక్కింగ్. స్మార్ట్‌వాచీ వద్దు, ఫోనుకు చార్జర్ పెట్టడమే నాకు గుర్తుండదు. మా ఫ్రెండ్ మాత్రం "సోలార్‌లోనూ సెల్లే ఉంటుంది, అదంతా ప్రచారం" అని తీసిపారేస్తున్నాడు. వాడినవాళ్లు చెప్పండి.

నీడపట్టు:
మీ ఫ్రెండ్ అన్నదాంట్లో తప్పేముంది? సోలార్ వాచీలోనూ సెల్లు ఉంటుంది. కాకపోతే అది చార్జ్ అయ్యే రకం. పైన పలక కరెంటు చేస్తే ఇది దాచుకుంటుంది. చార్జ్ అయ్యే ఏ సెల్లయినా ఏదో ఒకరోజు అరిగిపోవాల్సిందే.

మామూలు బ్యాటరీ వాచీల్లో క్యాసియో ఏఈ-1200 చూడండి. సెల్లు పదేళ్లు వస్తుందని కంపెనీయే చెబుతుంది, 100 మీటర్ల నీటి రక్షణ కూడా ఉంది. పదేళ్లకొకసారి మూత విప్పడానికి భయపడి అంతకన్నా ఖరీదైన వాచీ కొనడమెందుకు?

ఇంకొకటి. మా బావ సోలార్ వాచీ ఏడాదిన్నర పైగా డ్రాయర్‌లో పడి ఉండి ఆగిపోయింది. రిపేరుకిస్తే, సైజు సరిపోయిందని మామూలు సెల్లు వేసి ఇచ్చేశారు. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఆ సెల్లు కారి, లోపలంతా పచ్చగా చిలుము పట్టి, వాచీ చెత్తబుట్టకు చేరింది. నాలుగు రోజులు ఎండలో పెట్టి ఉంటే మళ్లీ లేచేదేమో, ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

ఎండపొడ:
నీడపట్టు గారూ, బావగారి వాచీని చంపింది సోలార్ కాదు, తప్పు సెల్లు. చార్జ్ చేయకూడని సెల్లును పలక చార్జ్ చేయబోతుంది, అది ఉబ్బడమో కారడమో జరుగుతుంది. మాన్యువల్‌లో ఆ హెచ్చరిక ఉంటుంది. చదవకుండా విప్పినవాళ్లది తప్పు.

మట్టిబూట్లు గారికి లెక్క చెబుతాను. నాది క్యాసియో జీడబ్ల్యూ-ఎం5610, నలుచదరం జీ-షాక్ (దెబ్బలకు తట్టుకునే డిజిటల్ రకం), సోలారే. ఒక్క రోజు నడవడానికి ఎంత వెలుతురు కావాలో దాని మాన్యువల్‌లో ఇచ్చారు: బయట ఎండలో 5 నిమిషాలు, కిటికీలోంచి ఎండ పడితే 24 నిమిషాలు, మబ్బు రోజున కిటికీ దగ్గర 48 నిమిషాలు, 500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) ట్యూబ్‌లైట్ కింద 8 గంటలు. లైటు, అలారం మితంగా వాడితేనే ఈ లెక్క.

అంటే కొండ మీద గంటసేపు మణికట్టు ఎండకు చూపిస్తే పన్నెండు రోజుల తిండి. నిండా చార్జ్ అయ్యాక అసలు వెలుతురే చూపకపోయినా మామూలు వాడకానికి 10 నెలలు వస్తుంది. చీకట్లో వదిలేస్తే డిస్‌ప్లే ఆర్పేసుకుని ఇంకా చాలాకాలం పడుకుంటుంది. నెలకు రెండు ట్రెక్కులు చేసే మనిషికి ఇంకేం కావాలి?

నీడపట్టు:
ట్యూబ్‌లైట్ కింద 8 గంటలా! అంటే ఆఫీసు టైమంతా కూర్చుంటే ఆ రోజు ఖర్చుకు సరిపోతుంది, అదీ చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చుంటే. ఆయన ఫుల్ హ్యాండ్స్ అని ముందే చెప్పారు కదా.

గాలిపటం:
ఆటోమేటిక్ తీసుకోండి సార్. వెలుతురూ అక్కర్లేదు, సెల్లూ అక్కర్లేదు, చెయ్యి ఊపితే చాలు.

ఎండపొడ:
ఊపితే నడుస్తుంది, రోజుకు పది సెకన్లు అటూ ఇటూ కూడా పోతుంది. వారాంతంలో తీసి పక్కన పెడితే సోమవారం ఆగిపోయి ఉంటుంది. బండ మీద కొట్టుకుంటే మరీ టెన్షన్. అందమైన వస్తువే, కాదనను. ఈయన అడిగింది మాత్రం అది కాదు.

మూడోముల్లు:
సరదాకి పాత వాచీలు విప్పి బిగిస్తుంటాను, కాబట్టి ఇద్దరికీ కొంచెం కొంచెం అడ్డం తగులుతాను.

సోలార్ సెల్లు త్వరగా చస్తుందన్న భయం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. సీకో తొలి కైనెటిక్ వాచీల్లో కరెంటు దాచడానికి సెల్లు బదులు కెపాసిటర్ అనే భాగం పెట్టేవారు. కొన్నేళ్లకే అవి నీరసించి, రాత్రి విప్పి పెడితే పొద్దునకు ఆగిపోయేవి. తర్వాత లిథియం సెల్లు వచ్చాక ఆ గొడవ తగ్గింది. ఆ వాచీలు చెయ్యి ఊపుడుతో చార్జ్ అయ్యేవి, ఎండతో కాదు. అయినా ఆ చెడ్డపేరు "చార్జ్ అయ్యే వాచీలు" అన్నింటికీ అంటుకుంది. సోలార్ నిన్నమొన్నటి మోజేం కాదు. సిటిజెన్ ముల్లుల సోలార్ వాచీని 1976లోనే తెచ్చింది.

మట్టిబూట్లు గారు "మూత విప్పకపోతే నీటి భయం లేదు" అన్న ధోరణిలో వెళ్తున్నారు, అక్కడ ఒప్పుకోను. నీటిని ఆపేది మూత కింద ఉండే రబ్బరు రింగు. మూత విప్పకపోయినా చెమటకీ వేడికీ అది గట్టిపడుతుంది. సోలార్ వల్ల లాభమల్లా ఎవరో తొందరలో విప్పి, రింగు మెలితిరిగిందో లేదో చూడకుండా నొక్కేసే ప్రమాదం తగ్గడం. మట్టిబూట్లు గారికి జరిగింది అదే అయ్యుంటుంది. నాలుగైదేళ్లకొకసారి ప్రెషర్ టెస్ట్ (నీరు చొరబడుతుందో లేదో చూసే పరీక్ష) చేయించడం సోలార్‌కైనా తప్పదు.

ముల్లుల సోలార్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఒక చలికాలమంతా నా సిటిజెన్ జాకెట్ కింద ఉండిపోయింది. ఒకరోజు నడుస్తూ నాడి లెక్కపెడదామని చూస్తే సెకండ్ల ముల్లు కదలకుండా నిలబడి, ఒక్కసారిగా రెండు గీతలు దూకింది. మళ్లీ నిలబడింది, మళ్లీ రెండు. పాడైందనుకున్నాను. టైము మాత్రం సరిగ్గానే ఉంది. చార్జ్ తగ్గినప్పుడు అది అలా రెండేసి సెకన్లు దూకి చెబుతుంది, సీకో సోలార్ కూడా అంతే. చెయ్యి పైకి లాక్కుని ఎండలో నడిచాను. కాసేపటికి ఒక్కొక్క సెకనే నడవడం మొదలైంది. మామూలు సెల్లు వాచీల్లోనూ కొన్నింటికి ఇది ఉంటుంది, కానీ అక్కడ ఆ దూకుడు చూసి మీరు చేయగలిగింది రిపేరు షాపు వెతుక్కోవడమే.

ఎండ అన్నాను కదా అని కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. సెల్లుకు పడనిది వేడి. బల్బుకు ఆనించి చార్జ్ చేయడం కూడా వద్దు.

ఆకుపచ్చ:
మీరంతా ఏ కాలంలో ఉన్నారు? గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2 సోలార్ అనే స్మార్ట్‌వాచీ తీసుకుంటే దారి కూడా చూపిస్తుంది, బ్యాటరీకి పరిమితే లేదని కంపెనీ అంటోంది.

నీడపట్టు:
ఆ మాట పక్కన చిన్న అక్షరాలు చదివారా? రోజూ 50,000 లక్స్ ఎండలో మూడు గంటలు ఉంటేనే ఆ "పరిమితి లేదు". అదీ జీపీఎస్ ఆన్ చేయనప్పుడు. ఆఫీసు మనిషికి ఆ మూడు గంటలు ఎక్కడివి? నా లెక్కలో అది సోలార్ వాచీ కాదు, చార్జర్ వాచీకి సోలార్ సాయం. మట్టిబూట్లు గారు చార్జర్ వద్దన్నారు.

ఎండపొడ:
ఈ ఒక్క మాట మీద మనిద్దరం ఒకటి.

మట్టిబూట్లు:
చాలా థాంక్స్ అన్నా అందరికీ. నిన్న ఒక పని చేశాను. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ వేసి, ఆఫీసు టేబుల్ మీద నా మణికట్టు ఉండేచోట పెట్టి చూశాను. 310 లక్స్. దాని మీద చొక్కా చెయ్యి కప్పితే 6. సాయంత్రం నడుచుకుంటూ బయటికి వచ్చినప్పుడు, ఎండ తగ్గాక కూడా 9,000 పైన చూపించింది.

నీడపట్టు గారన్నట్టు ఆఫీసు వెలుతురును నమ్ముకుంటే నాకు పని జరగదు. రోజూ పావుగంట బయట నడుస్తాను కాబట్టి లోటు పెద్దగా పడదు, పడినా ట్రెక్కులో తీరిపోతుంది. ఇప్పుడు అసలు చిక్కు డిజిటలా, ముల్లులా అన్నది. ఇంకో ప్రశ్న: రేడియో సిగ్నల్‌తో టైము తనే సరిచేసుకునేవి ఉన్నాయట, దానికి ఎక్కువ పెట్టొచ్చా?

మూడోముల్లు:
రేడియో సంగతి ముందు. ఈ వాచీలు సిగ్నల్ అందుకునే స్టేషన్లు ఆరు: జపాన్‌లో రెండు, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీలో ఒక్కోటి. మీరుండే చోటు వాటి పరిధిలో ఉంటేనే ఉపయోగం, అదీ రాత్రి కిటికీ దగ్గర పెడితే బాగా అందుతుంది. పరిధి బయట ఉంటే మామూలు బ్యాటరీ (క్వార్ట్జ్) వాచీలాగే నెలకు 15 సెకన్ల లోపు తేడాతో నడుస్తుంది. బస్సు అందుకోవడానికి అది చాలు.

ముల్లులా, డిజిటలా? ఫుల్ హ్యాండ్స్ కాబట్టి ముందు మందం చూడండి. 15 మిల్లీమీటర్లు దాటితే చొక్కా చెయ్యి దాని మీద ఇరుక్కుపోతుంది, మీరు రోజూ తిట్టుకుంటారు. ఎండపొడ గారి నలుచదరం 13 లోపే, చొక్కాలోకి జారిపోతుంది.

అద్దం గురించి ఎవరూ మాట్లాడలేదు. పదికి లెక్కేసే మోస్ కొలతలో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రాయి గట్టిదనం 7, నీలం రాయి రకం అద్దం, అదే సఫైర్, 9. మామూలు మినరల్ అద్దం ఆ 7 కన్నా మెత్తన, అందుకే బండల మీద చేయి రాసుకుంటే గీతలు పడతాయి. అయితే సఫైర్ అంచున దెబ్బ తగిలితే చిట్లుతుంది. చుట్టూ అంచు అద్దం కన్నా ఎత్తుగా ఉన్న వాచీ అయితే మినరల్ అయినా గట్టెక్కుతుంది. ఇంకొకటి, దోమల మందు పూసుకున్న చేత్తో ప్లాస్టిక్ బెల్టు ముట్టుకోకండి. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

గాలిపటం:
ముల్లుల వాచీతో దిక్కు కూడా తెలుస్తుంది. ఉత్తరార్ధగోళంలో గంటల ముల్లును సూర్యుడి వైపు తిప్పి, దానికీ 12కీ మధ్య చూస్తే దక్షిణం.

నీడపట్టు:
సూర్యుడు నడినెత్తిన ఉంటే ఏ వైపుకు తిప్పాలి స్వామీ? దిక్సూచి కొనుక్కోమనండి.

ఎండపొడ:
డిజిటల్‌కే నా ఓటు, చీకట్లో బటన్ నొక్కితే టైము కనబడాలి. నల్ల నేల మీద తెల్ల అంకెలు వచ్చే డిస్‌ప్లే మాత్రం వద్దు, షాపు లైట్లలో మెరిసిపోతుంది, సందెవేళ టెంట్‌లో ఏమీ కనబడదు. అది ఒకటి కొని తమ్ముడికి ఇచ్చేశాను.

నీడపట్టు:
సరే, కొనుక్కోండి. ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. నెలకు రెండుసార్లు కొండలెక్కి, రోజూ పావుగంట నడిచే మనిషి కాబట్టి మీకు సోలార్ కుదిరింది. ఇల్లు, బస్సు, ఆఫీసు తప్ప ఎండ మొహం చూడనివాళ్లు ఈ చర్చ చదివి సోలార్ కొని, ఆరు నెలలకు వచ్చి మనల్ని తిట్టకుండా ఉంటే చాలు.

మట్టిబూట్లు:
నలుచదరమే ఖాయం చేశాను, మామూలు బూడిదరంగు డిస్‌ప్లేతో. పాత వాచీని వదల్లేక నిన్న రాత్రి మూడోముల్లు గారు చెప్పారని మూత విప్పి చూశాను. రబ్బరు రింగు ఒకచోట నొక్కుకుపోయి, అంచు బయటికి వచ్చి తెగి ఉంది. ఆరబెట్టి కొత్త రింగు వేస్తే నడిచేలాగే ఉంది.

నీడపట్టు:
చూశారా, తప్పు సెల్లుది కాదు, బిగించినవాడిది!

మట్టిబూట్లు:
నేనూ అదే అంటున్నాను గురువుగారూ. ఆ బిగించేవాడి దగ్గరికి వెళ్లే పని తప్పించుకోవడానికేగా ఇంత చర్చ.